1:72 కోటగోడ, కందకం, వెనుక గుట్ట: థర్మాకోలా, ఎక్స్‌పీఎస్ షీటా?

ఓరుగల్లు_మినీ:
ఒక మోడల్ చేస్తున్నా: ఖిలా వరంగల్ రాతికోట గోడ ఒక ముక్క, దాని ముందు కందకం, లోపలివైపు ఒక రాతిగుట్ట. 1:72 స్కేలు (అసలు కొలతలో 72వ వంతు), పీఠం 60 × 45 సెం.మీ. గుట్ట నేల మీద నుంచి 15 సెం.మీ. వస్తే చాలు. స్టేషనరీ షాపు థర్మాకోల్‌తో అంచులు నిలవడం లేదు, కత్తి పెడితే గింజలు ఊడుతున్నాయి. ఇన్సులేషన్‌కు వాడే గట్టి ఎక్స్‌పీఎస్ షీటు తీసుకోవాలని ఉంది. ఎన్ని షీట్లు పడతాయి, పొరలు దేనితో అతికించాలి, స్ప్రే పెయింట్ కొట్టొచ్చా? ఇంకోటి, వీడియోల్లో అందరూ పలకలు పలకలుగా చీలిన కొండచరియలే చెక్కుతున్నారు. మన గుండ్రాళ్లు ఎట్లా తేవాలి?

నల్లబండ:
ఎక్స్‌పీఎస్సే తీసుకోండి. థర్మాకోల్ అంటే ఉబ్బిన గింజలను ఆవిరితో ఒకదానికొకటి అతికించిన దిమ్మె. కత్తి గింజను కోయకుండా సందుల్లోంచి పోతుంది, అందుకే అంచు రాలుతుంది. ఎక్స్‌పీఎస్‌ను కరిగించి ఒకే ముద్దగా వత్తి తీస్తారు. బాల్‌పెన్నుతో గీసినా గీత అట్లాగే ఉండిపోతుంది. కోటగోడ రాళ్ల సందులకు కావలసింది అదే.

మీ కొలతకు 1250 × 600 మి.మీ. షీటు, 50 మి.మీ. మందంది, ఒక్కటి సరిపోతుంది. ముందు 450 మి.మీ. కోసి పక్కన పెట్టండి, అది పీఠం. కందకం దీంట్లోనే 35 మి.మీ. లోతు తవ్వొచ్చు. మిగిలిన 800 × 600లో 450 × 300 ముక్కలు రెండు గుట్ట కింది పొరలకు, 600 × 100 పట్టీ గోడకు, చివరి ముక్కలోంచి 300 × 200 గుట్ట తలకు. గుట్ట వెనకాల 30 సెం.మీ. తీసుకుంటే ముందు 15 మిగులుతుంది: గోడకు 5, కందకానికి 8, అంచుకు 2. గోడ లోపలి మట్టికట్ట, మెట్లు కూడా చూపించాలంటే గుట్ట వెడల్పు తగ్గించక తప్పదు. నా మాటైతే గుట్టనే తగ్గించండి. ఆ మట్టికట్ట లేకపోతే అది ఏదో ఒక గోడ అవుతుంది గానీ ఓరుగల్లు గోడ కాదు.

అతికించడం దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. ఫెవికాల్ నీళ్లు ఆరితేనే బిగుస్తుంది, ఎక్స్‌పీఎస్‌లోంచి నీళ్లు బయటికి పోవు. నిండా పూసి మూసేస్తే రోజుల తరబడి నడుమ పచ్చిగానే ఉంటుంది, చెక్కుతుంటే పొర జారుతుంది. సన్నని చారలుగా పూసి, మధ్య ఖాళీలు అంచుదాకా వదలండి. అంచు నుంచి 2 సెం.మీ. లోపలే ఆపండి. ఎండిన గమ్ గీతకు కత్తి తగిలితే ఫోమ్ చిరుగుతుంది. పొరలు కదలకుండా మసి తీసిన అగర్‌బత్తి పుల్లలు ఏటవాలుగా దింపండి, చెక్కే చోటికి దూరంగా. పైన బరువు పెట్టి కనీసం ఒక రాత్రి, ఒక పగలు ముట్టొద్దు.

ఫెవిక్విక్, రబ్బరు గమ్, థిన్నర్ వాసన వచ్చేది ఏదైనా సరే ఫోమ్‌ను తినేస్తుంది.

దొరికే చోటు: పైకప్పులకు, కోల్డ్ స్టోరేజీలకు ఇన్సులేషన్ వేసేవాళ్లను అడగండి. కోత ముక్కలు మిగులుతుంటాయి. అక్కడ పీయూఎఫ్ (పాలీయురెథేన్ ఫోమ్) కూడా ఉంటుంది, చూసి తెచ్చుకోండి. మూలన ఒక చుక్క అసిటోన్ వేస్తే ఎక్స్‌పీఎస్ కరుగుతుంది, పీయూఎఫ్ కరగదు. పీయూఎఫ్ పొడిపొడిగా రాలుతుంది, రాళ్ల గీతలకు పనికిరాదు.

గుండుబండ:
గుట్ట సంగతి నేను చెప్త. మనది గ్రానైటు. వీడియోల్ల కనబడేది పొరలు పేరుకొని అయిన రాయి, దాని చీలికలు ఎక్కువగ అడ్డంగ ఉంటయి. గ్రానైటుకు నిలువు, అడ్డం పగుళ్లు దూరం దూరంగ పడ్తయి, నీళ్లు దాంట్లకు దిగి మూలలు ముందు అరుగుతయి. అందుకే మన రాళ్లు గుండ్రం. పైపొర ఉల్లిగడ్డ పొర తీరు ఊడుతది.

కాబట్టి చెక్కేముందే ఫోమ్ మీద పగుళ్లు గీసుకోవాలె. గుట్ట మొత్తానికి నాలుగైదు పెద్దయి చాలు, ఎక్కువ గీస్తే ఇటుకల కుప్ప అయితది. పగులు వెంబడి రెండు దిక్కుల నుంచి ఏటవాలుగ కోసి, ఒక్కో ముక్క మూలలు కొట్టెయ్యాలె. 18 మి.మీ. కట్టర్ బ్లేడు పూర్తిగ బయటికి తీసి, పండుకోబెట్టి, పల్చగ చెక్కులు తియ్యాలె. బ్లేడు మొద్దుబారితే ఫోమ్ పీలికలు లేస్తయి, అప్పుడు బలం పెట్టొద్దు, బ్లేడు మొన విరిచి కొత్తది తియ్యాలె. తర్వాత 120 నంబరు గరుకు కాయితం (సాండ్ పేపర్), ఆనక 220. ముక్కుకు మాస్కు ఉండాలె.

ఇగ అసలు పని: బండ పక్కన ఒకట్రెండు చోట్ల 1 నుంచి 2 మి.మీ. లోతు వంకర గాటు పెట్టి, దాని కింది దిక్కు మాత్రమే గీకి తియ్యాలె. పైన పొర మిగిలి, కింద ఊడినట్టు కనబడుతది. గ్రానైటు గుర్తు అదే. గరుకుదనానికి అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి, చెయ్యి తిప్పుకుంట ఒత్తాలె. తిప్పకపోతే ఒకే ముద్ర మళ్లమళ్ల పడ్తది.

పైన పెట్టే గుండ్లు వేరే చెక్కి, అడుగు కొంచెం సాపు చేసి, 2 మి.మీ. లోపలికి దిగేటట్టు కూర్చోబెట్టాలె. లేకుంటే గాలిల తేలినట్టు ఉంటది.

గోడ రాళ్లన్నీ ఒకే సైజు గీయొద్దు. సున్నం లేకుండ పేర్చిన కట్టు అది, రాయికి రాయి కొలత మారుతది. కొన్ని రాళ్ల అంచుకు ఉలి గుంతల వరుస ఉంటది, రాయి చీల్చేటప్పుడు కొట్టినయి. సన్న స్క్రూడ్రైవర్ మొనతో 1 మి.మీ. గుంతలు వరుసగ ఒత్తితే సరి. నిలువు సందు కింది వరుస సందు మీద పడకుండ చూడాలె.

ఓరుగల్లు_మినీ:
ఇద్దరికీ థాంక్స్ అన్నా. మట్టికట్ట పెడుతున్నా, గుట్ట వెడల్పు తగ్గిస్తా. కందకం తవ్వడానికి వేడి తీగ (కరెంటుతో వేడెక్కి ఫోమ్ కోసేది) వాడొచ్చా? 12 వోల్టుల అడాప్టర్ ఉంది.

తీగలపని:
12 వోల్టులు నేరుగా వద్దు. 0.3 మి.మీ. నైక్రోమ్ తీగ (హీటర్లలో వాడేది) 30 సెం.మీ.కు రెసిస్టెన్స్ దాదాపు 4.6 ఓమ్‌లు. 12 వోల్టులకు 2.6 ఆంపియర్లు లాగి తీగ ఎర్రబడుతుంది, ఫోమ్ వెడల్పుగా కరిగి పొగ వస్తుంది. అదే తీగకు పాత 5 వోల్టుల, 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్ చాలు, 1.1 ఆంపియర్లే తీసుకుంటుంది. తీగ ఎరుపెక్కకూడదు, తోస్తే నెమ్మదిగా దిగాలి. వేడికి తీగ సాగుతుంది, ఒక కొసకు చిన్న స్ప్రింగు కట్టండి. కిటికీ పక్కన చేయండి, ఆ పొగ మంచిది కాదు. కందకానికి రెండు గోడలూ కత్తితో గాటు పెట్టి, తీగను U ఆకారంలో వంచి నడుమ లాగండి. U తీగ 15 సెం.మీ.కు మించకపోతే రెసిస్టెన్స్ సగమవుతుంది, అప్పుడు ఈ ఛార్జర్‌కు బరువెక్కువ. 30 సెం.మీ. తీగే ఉంచి వంపు ఒక్కటే ఫోమ్‌లోకి దించండి.

స్ప్రే పెయింట్ వద్దు. ముందు ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో, నల్ల అక్రిలిక్ కలిపి రెండు కోటింగులు. పగుళ్లలో తెల్లగా మిగిలిందేమో చూసుకోండి. గోడ లాంటి సన్న ముక్కకు రెండు వైపులా ఒకేసారి పూయాలి, ఒకవైపే పూస్తే ఆరేటప్పుడు అటువైపు వంగుతుంది. గ్రానైటుకు మధ్యరకం బూడిదరంగు, దానిలో చిటికెడు గులాబీ. ఆరాక స్పాంజి ముక్కతో తెలుపు, నలుపు అద్దాలి. నీళ్లు జారే చోట పైనుంచి కిందికి నల్ల చారలు. చారలు పగుళ్ల దగ్గర మొదలవ్వాలి, ఎక్కడపడితే అక్కడ కాదు.

గుండుబండ:
నేల మీద చల్లే మట్టికి మన చల్క ఎర్రమట్టే బెస్టు. పెనం మీద వేయించి, చల్లార్చి, చాయ్ జల్లెడల పట్టాలె. చల్లినంక ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పైన పొయ్యాలె. ఆ లిక్విడ్ లేకుంటే నీళ్లు మట్టిమీద గోళీల్లెక్క నిలబడి గుంతలు చేస్తయి. తడిసినంక మట్టి రంగు ముదురుతది, ముందుగల ఒక ముక్క మీద చూసుకోవాలె.

మోడల్‌ను మే నెలల మూసిన కారుల మాత్రం పెట్టొద్దు. 75 డిగ్రీలు దాటితే ఎక్స్‌పీఎస్ మెత్తబడుతది, హాట్ గ్లూ (కరిగించి అతికించే గమ్) అంతకంటె ముందే సడలుతది. తీస్కపోవుడుంటే పొద్దుగాల పోవాలె.