సూది తిరిగిపోతోంది: తప్పు నా చేతిదా, నీడిల్ హోల్డర్‌దా?

బోడుప్పల్ డెంటిస్ట్:

సీనియర్లందరికీ నమస్తే. మొన్న ఉగాదికి బోడుప్పల్‌లో ఒకే కుర్చీతో సొంత క్లినిక్ పెట్టుకున్నాను. పోయిన శనివారం ఆటో నడిపే ఒక అన్నకు కింది జ్ఞానదంతం తీశాను. పన్ను బాగానే వచ్చింది. కుట్ల దగ్గరే తంటా వచ్చింది. చిగురులో సూది దించగానే, దాన్ని పట్టుకునే పనిముట్టు నీడిల్ హోల్డర్ మూతిలో సూది పక్కకు తిరిగిపోతోంది. మూడుసార్లు సరిచేసుకుని మళ్లీ పట్టాను. నాలుగోసారి గట్టిగా బిగిస్తే సూదే వంగిపోయింది. ఇంకో ప్యాకెట్ తెరిచి ఎలాగో ముగించాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆయన కళ్లలో భయం కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా దగ్గర ఉన్నది మేయో-హెగార్ రకం హోల్డర్, 18 సెం.మీ.ది. సెట్‌తో పాటు వచ్చింది. కాలేజీలో 3-0 సిల్క్ దారంతో కుట్టేవాళ్లం, ఎప్పుడూ ఇలా కాలేదు. ఇప్పుడు 5-0 విక్రిల్ (దానికంటే సన్నటి, కరిగిపోయే దారం) వాడుతున్నాను. నా చేతిలోనే లోపం ఉందా? బంగారు రింగుల హోల్డర్ కొనాలా, లేక క్యాస్ట్రోవీహో కొనాలా? ఇంకో సంగతి, కీలు దగ్గర గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. అది తుప్పేనా? చాలా టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.

మలక్‌పేట డాక్టరమ్మ:

బిడ్డా, మా అమ్మాయిది కూడా నీ ఈడే, అందుకే నువ్వు అంటున్నాను. ఇరవై రెండేళ్లుగా కుట్లు వేస్తున్నాను. నువ్వు రాసింది చదివితే నాకు నీ చేతి మీద కంటే ఆ సూది, హోల్డర్ జోడీ మీదే అనుమానం వచ్చింది.

మేయో-హెగార్ మంచి పనిముట్టే. కాకపోతే దాని మూతి వెడల్పు, లోపలి గాట్లు మోటు. 3-0 సూది లావుగా ఉంటుంది కాబట్టి అందులో కుదురుకుంటుంది. 5-0 సూది సన్నం. గాట్ల మధ్య దానికి పట్టు దొరకదు, తిరుగుతుంది. తిరుగుతోంది కదా అని హోల్డర్ లాక్‌ని ఇంకో క్లిక్ బిగిస్తే ఆ వెడల్పాటి మూతి కింద సూది వంపు చదునైపోతుంది. నీకు నాలుగోసారి జరిగింది అదే.

పరీక్ష చేసి చూసుకో. 5-0 సూదిని మూతి కొసన పట్టి రెండో క్లిక్ దాకా బిగించు. ఫోర్సెప్స్ (పట్టకారు)తో సూదిని కదిలించు, వేళ్లతో మాత్రం వద్దు. తేలిగ్గా తిరిగితే ఆ సూదికి ఆ హోల్డర్ పనికిరాదు. తర్వాత 3-0 సూది పెట్టు. అది కదలకుండా ఉంటే హోల్డర్ బాగానే ఉందన్నమాట, దాన్ని పారేయకు, సిల్క్‌కి ఉంచుకో. లాక్‌ని కూడా చూడు. మొదటి క్లిక్ దగ్గర మూసి, కీలు దగ్గర పట్టుకుని, రింగుల వైపు భాగాన్ని అరచేతికేసి తట్టు. దానంతటది తెరుచుకుంటే లాక్ అరిగినట్టే.

ఇక పట్టుకునే తీరు. దారం అతికిన చివర నుంచి సుమారు మూడో వంతు దూరంలో సూదిని పట్టుకోవాలి. అది కూడా మూతి కొసలోనే, సూది హోల్డర్‌కు అడ్డంగా, లంబంగా ఉండేట్టు. దారం అతికిన చోట మాత్రం పట్టకు. అక్కడ సూది బలహీనంగా ఉంటుంది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు తొందరలో నేను సరిగ్గా అక్కడే పట్టుకుని విరగ్గొట్టాను. ముక్క చిగురులో ఉండిపోయింది. మా మేడమ్ కేకలు వేయలేదు. నా చెయ్యి కదలకుండా పట్టుకుని, పేషెంట్‌ని నోరు మూయనివ్వకుండా, సక్షన్ దగ్గర పెట్టించి, నెమ్మదిగా వెతికి తీశారు. ఇప్పటికీ నా జూనియర్లకు మొదట చూపించేది ఆ ఒక్క చోటే. చిగురు అవతలి వైపు సూది బయటికి వచ్చాక కూడా మొనను పట్టి లాగకు, మొన మొద్దుబారుతుంది. మొన వెనక సూది ఒంటిని పట్టుకుని వంపు వెంబడి తిప్పుతూ తియ్యి. బొటనవేలు, ఉంగరపు వేలు రింగుల్లో ఉండాలి, చూపుడు వేలు కాడ మీద ఆనాలి. తోసేది భుజంతో కాదు, మణికట్టుతో తిప్పాలి.

కొనాలంటే నేనైతే క్రైల్-వుడ్ రకం హోల్డర్, 15 సెం.మీ.ది, కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) మూతి ఉన్నది తీసుకుంటాను. మూతి సన్నగా ఉంటుంది, 4-0కీ 5-0కీ సరిపోతుంది. బంగారు రింగులు అందం కోసం కాదు, లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు ఉన్నాయని చెప్పే గుర్తు. అయితే రింగులకు రంగు వేసినంత మాత్రాన కార్బైడ్ ఉన్నట్టు కాదు. మూతి తెరిచి వెలుతురులో చూస్తే పలక అతికించిన గీత కనిపించాలి. కోఠిలో సర్జికల్ షాపులకు వెళ్లేటప్పుడు నీ సూది ప్యాకెట్ ఒకటి పర్సులో వేసుకుని వెళ్లు. కౌంటర్ మీదే ఆ పరీక్ష చేసి చూడు. చూడనివ్వని షాపులో కొనకు.

కత్తెర కూడా కలిసి ఉండే ఓల్సెన్-హెగార్ చూపిస్తారు. అసిస్టెంట్ లేనప్పుడు ఉపయోగమే, కానీ అలవాటు లేని చేతికి ముడి మధ్యలోనే దారం తెగుతుంది. ఇప్పుడే వద్దు.

కూకట్‌పల్లి పెరియో (చిగుళ్ల డాక్టర్):

డాక్టరమ్మ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక్క మాట. క్యాస్ట్రోవీహోను మరీ దూరం పెట్టకండి. అది కంటి ఆపరేషన్ల కోసం పుట్టిన పనిముట్టు. రింగులు ఉండవు, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని వేళ్ల మధ్య నొక్కితే లాక్ పడుతుంది. ముందు పళ్ల దగ్గర చిగురు పైకి జరిపి కుట్టేటప్పుడు, 6-0 దారంతో, దానికి సాటి లేదు. మీరు అలాంటి కేసులు మొదలుపెడితే తప్పకుండా కొనండి. జ్ఞానదంతం వెనక మాత్రం వద్దు. దాని కొసలు చాలా సున్నితం, లావు సూది పట్టుకుని మందపాటి చిగురులోకి తోస్తే కొసలు ఒకదానికొకటి ఆనకుండా పోతాయి.

నైలాన్, ప్రోలీన్ లాంటి ఒంటిపోగు దారాలను కార్బైడ్ మూతితో నలపకండి. గాటు పడిన చోట తర్వాత తెగే ప్రమాదం ఉంది. ముడి వేసేటప్పుడు చివర కత్తిరించేసే కొసనే పట్టుకోండి.

పనిముట్లు కడిగే అక్క:

మేడమ్, నేను డాక్టర్ని కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక క్లినిక్‌లో పదకొండేళ్లుగా పనిముట్లు కడిగి ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిములను చంపే మిషన్) పెడుతున్నాను. మచ్చల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

పెన్సిల్ రబ్బరుతో మచ్చను రుద్దండి. పోయి, కింద లోహం నున్నగా ఉంటే అది మరక. కింద చిన్న గుంటలు కనిపిస్తే తుప్పు, దాన్ని పక్కన పెట్టేయాలి. మీరు ఏ నీళ్లతో కడుగుతున్నారు? మా దగ్గర మొదట్లో బోరు నీళ్లే. గీజర్‌లో తెల్లగా పేరుకునే ఉప్పే హోల్డర్ కీలులోనూ పేరుకుంటుంది. ఇప్పుడు చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే, ఆటోక్లేవ్‌లోనూ అదే పోస్తాం.

రక్తం ఎండనివ్వకండి. కేసు అయిన వెంటనే ఎంజైమ్ ద్రావణంలో వేయండి, ఉప్పునీళ్లలో, సెలైన్‌లో నానబెట్టొద్దు. రూట్ కెనాల్‌కి వాడే హైపో (బ్లీచ్ లాంటి ద్రావణం) అయితే అసలు తగలకూడదు, స్టీలుని తినేస్తుంది. మందపాటి గ్లోవ్స్ వేసుకుని, హోల్డర్ తెరిచి, మెత్తని బ్రష్‌తో కీలు, గాట్లు తోమాలి. ఇనుప పీచు ముట్టించకండి. బాగా ఆరాక కీలులో ఒక చుక్క ఇన్‌స్ట్రుమెంట్ మిల్క్ (పనిముట్ల కీళ్లకు వేసే పాల లాంటి ద్రవం) వేస్తాను. కుట్టుమిషన్ నూనె వేయకూడదు, ఆవిరి లోపలికి పోదు. పౌచ్‌లో పెట్టేటప్పుడు లాక్ తెరిచే ఉంచాలి. బిగించి వేడి చేస్తే కీలు దగ్గర పగులు వస్తుంది. మాది 121 డిగ్రీలకు పెట్టే మిషన్. మిషన్ ఒక విడత పూర్తయ్యాక పౌచ్ పూర్తిగా ఆరేదాకా నేను తలుపు లాగను. ఎవరు తొందరపెట్టినా సరే.

ఇంకొకటి మేడమ్. మా దగ్గర కొత్తగా వచ్చిన ఒకతను పళ్లకు వేసే క్లిప్పుల వైరు మెలి తిప్పడానికి కార్బైడ్ హోల్డర్ తీసుకున్నాడు. పలక అంచు పెట్లిపోయింది. కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు. ఆ రోజు నుంచి కుట్ల హోల్డర్లను వేరే డబ్బాలో పెడుతున్నాను.

బోడుప్పల్ డెంటిస్ట్:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న క్లినిక్ మూశాక కూర్చుని అన్నీ చేసి చూశాను. 5-0 సూది రెండో క్లిక్ దగ్గర కూడా తిరిగింది. 3-0 సూది కదల్లేదు. లాక్ గట్టిగానే ఉంది. అంటే డాక్టరమ్మ గారు చెప్పినట్టు జోడీ కుదరలేదంతే. నిజం చెప్పాలంటే నేను సూదిని కూడా చివరికి మరీ దగ్గరగా పడుతున్నాను. రెండు ఆరెంజ్ తొక్కల మీద మూడో వంతు దగ్గర పట్టుకుని సాధన చేశాను. తేడా చేతికే తెలిసింది.

అక్కా, మచ్చ రబ్బరుతో పోయింది, కింద గుంటలు లేవు. మాది బోరు నీళ్లే. పైగా ఇన్నాళ్లూ లాక్ వేసే ఆటోక్లేవ్ చేస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెప్పించాను.

ఆ ఆటో అన్న ఇవాళ చూపించుకోవడానికి వచ్చారు. కుట్లు నిలిచాయి, వాపు తగ్గింది. శుక్రవారం ఇంకో జ్ఞానదంతం ఉంది. అంతకు ముందే కోఠి వెళ్తాను, సూది ప్యాకెట్ ఇప్పటికే పర్సులో పెట్టుకున్నాను.