ఫిబ్రవరి 14న ఇద్దరం కలిసి రక్తదానం చేయొచ్చా?

ప్రశ్న:
పెళ్లయ్యాక మాకిది మొదటి వాలెంటైన్స్ డే. హోటల్ డిన్నర్, గిఫ్టులు వద్దనుకున్నాం. ఆ డబ్బూ ఆ రోజూ ఎవరికైనా పనికిరావాలని మా ఆవిడ కోరిక. అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిద్దామా, రక్తం ఇద్దామా? ఉండేది హైదరాబాద్‌లో. ఆవిడ బరువు 47 కిలోలు, తీసుకుంటారా?

జవాబు:
రక్తమే ఇవ్వండి తమ్ముడూ. మా పాపకి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని, పుట్టుకతో వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ టైం దగ్గరపడుతుంటే పెదాలు పాలిపోతాయి, స్కూల్లో మెట్లెక్కాలన్నా ఆయాసపడుతుంది. ఎక్కించిన మర్నాడు అదే పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ రక్తం ఎవరిచ్చారో మాకు తెలియదు. ఎవరైనా సరే, వాళ్లు చల్లగా ఉండాలని ప్రతిసారీ దండం పెట్టుకుంటాను.

మీ ఆవిడ ఇవ్వొచ్చు. 45 కిలోలుంటే 350 మి.లీ. తీసుకుంటారు. హిమోగ్లోబిన్ మాత్రం 12.5 ఉండాలి. ఇద్దరూ టిఫిన్ తినే వెళ్లండి.

ఇంకో మాట. పిల్లల గురించి ఆలోచించే ముందు, తలసీమియా జన్యువు మీలో ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుకోండి. మా పెళ్లప్పుడు దీని సంగతి మాకెవరూ చెప్పలేదు. మేమిద్దరం క్యారియర్లం, అంటే జబ్బు లేకున్నా ఆ జన్యువు మోసేవాళ్లం, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు కాబట్టి అనుమానమే రాలేదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి మేజర్ వచ్చే అవకాశం 25 శాతం.

జవాబు:
నేను బ్లడ్ బ్యాంక్‌లో టెక్నీషియన్‌ని. అక్క చెప్పినవన్నీ నిజం. నాదొక విన్నపం అన్నా, ఆ ఒక్కరోజుతో ఆపేయకండి. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా 42 రోజులకు మించి నిలవుండవు. వేసవిలో కాలేజీలకి సెలవులిచ్చేస్తారు, క్యాంపులు తగ్గిపోతాయి, మాకు టెన్షన్ మొదలవుతుంది. మగవాళ్లు 90 రోజులకి మళ్లీ ఇవ్వొచ్చు, అంటే సరిగ్గా మే నడుమ మీ వంతు. ఆడవాళ్లకి 120 రోజులు. ఫిబ్రవరి 14 నుంచి లెక్కేస్తే వదినగారి వంతు జూన్ 14న వస్తుంది, అది ప్రపంచ రక్తదాతల దినం కూడా!

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. పరీక్ష ఈ వారమే చేయించుకుంటాం. అక్కా, డిన్నర్‌కి అనుకున్న డబ్బు కూడా ఆ పిల్లలకే ఇద్దామనుకుంటున్నాం, ఎలా?

జవాబు:
రక్తం ఎక్కించేకొద్దీ పిల్లల ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది తమ్ముడూ. గుండె, లివర్ పాడవకుండా దాన్ని దించే మందు రోజూ వేయాలి. రక్తం దొరికినా ఈ మందు దగ్గర చేతులెత్తేసే తల్లిదండ్రులున్నారు. తలసీమియా పిల్లలకి రక్తం ఎక్కించే సెంటర్‌కి వెళ్లి, ఎవరికి అవసరమో డాక్టర్‌నే అడిగి, ఒక బిడ్డకి నెల మందు కొనివ్వండి.