వార్డుకి పుట్టి పెరిగినోడే కావాలా, పార్టీ బీఫాం (టికెట్ కాగితం) ఉన్న ఎవరైనా చాలా?

పాతబజార్ పోరడు:
మా వార్డుల ఈసారి మున్సిపల్ ఎన్నికలల్ల ఒక పెద్దమనిషి ఇండిపెండెంట్‌గ నిలబడుతుండు. పుట్టింది ఇక్కడ్నే, కొట్టు ఇక్కడ్నే. ఏ మోరీ ఎక్కడ జామ్ అయితదో, ఏ గల్లీకి ఏ వాల్వ్ తిప్పితే నీళ్ళొస్తయో లైన్‌మెన్ కన్న ఆయనకే ఎక్కువ ఎరుక. పార్టీ ఏమో అవతలి వార్డుల ఉండేటోన్ని మా నెత్తిమీదికి తెస్తున్నది. మా వార్డుల ఓటే లేనోడు ఇక్కడ ఎట్ల నిలబడతడు? అసలు నామినేషన్ చెల్లుతదా?

బీఫాం బాబాయ్:
చెల్లుతుంది తమ్మీ. మున్సిపాలిటీ ఓటర్ల జాబితాలో పేరుండి 21 ఏళ్ళు నిండితే ఏ వార్డు నుంచైనా పోటీ చేయొచ్చు. ప్రపోజర్ (అభ్యర్థి పేరు ప్రతిపాదించి సంతకం పెట్టేవాడు) మాత్రం పోటీ చేసే వార్డు ఓటరై ఉండాలి. ఈ వెసులుబాటు ఊరికే పెట్టలేదు. తెలంగాణలో సగం వార్డులు మహిళలకే. రేపు మీ వార్డు మహిళకు రిజర్వ్ అయితే మీ పెద్దమనిషి కూడా పక్క వార్డుకే పోవాలి.

పాతబజార్ పోరడు:
చట్టం సంగతి అడగలే నేను. వేరే వార్డోడు రాత్రి పన్నెండింటికి మోరీ పొంగితే వస్తడా?

బీఫాం బాబాయ్:
"నామినేషన్ చెల్లుతదా" అని అడిగింది ఎవరు మరి? నేనా?

చౌరస్తా:
😂

రిటైర్డ్ గుమాస్తా:
ఆ పెద్దాయనకి పనికొచ్చే సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. ఇండిపెండెంట్లు ఓట్లలో ఓడేకంటే ముందే కాగితాల్లో ఓడతారు.

ఓటరు జాబితాలో వార్డు, వరుస సంఖ్య ఎంతో తుది జాబితా చూసి రాయాలి. వార్డులు విడగొట్టినప్పుడు ఒకే ఇంట్లో భర్త ఓటు ఒక వార్డుకి, భార్య ఓటు పక్క వార్డుకి పోవడం మామూలే. తమ్ముడే కదా అని ప్రపోజర్‌గా సంతకం పెట్టిస్తారు, తీరా చూస్తే తమ్ముడి ఓటు రోడ్డవతల. అంతే, స్క్రూటినీలో (కాగితాల పరిశీలనలో) నామినేషన్ పోతుంది. ఆస్తి పన్ను, నల్లా బిల్లు బకాయి లేకుండా కట్టేసి రసీదులు దగ్గర పెట్టుకోవాలి. మున్సిపాలిటీతో నడుస్తున్న కాంట్రాక్టు ఉంటే అనర్హత. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాసే డిక్లరేషన్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. లేకపోతే "లేదు" అని రాయాలి. గీత కొట్టి వదిలేస్తే ఎదుటివాళ్ళు దాన్నే పట్టుకుంటారు. మున్సిపాలిటీ వార్డుకి డిపాజిట్ 2,500, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం. తిరస్కరించినా మర్నాడు అప్పీలుకు వీలుంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు.

అన్నిటికంటే గట్టి దెబ్బ టైము. 2020లో జనవరి 14న ఉపసంహరణ, 22న పోలింగ్. ప్రచారం 20 సాయంత్రానికే బంద్. పార్టీవాడి గుర్తు జనానికి పుట్టినప్పటి నుంచి తెలుసు. ఇండిపెండెంట్‌కి ఉపసంహరణ అయ్యాకే ఫ్రీ సింబల్ (ఏ పార్టీకీ చెందని గుర్తు) ఇస్తారు. ఆ ఆరు రోజుల్లో కరపత్రాలు కొట్టించాలి, ఇంటింటికీ తిరగాలి, బ్యాలెట్ పేపర్‌లో పేరు ఎక్కడుంటుందో ముసలోళ్ళకి చూపించాలి.

చికెన్ 65:
ఖర్చు ఎంత పెట్టుకోవచ్చు సార్?

రిటైర్డ్ గుమాస్తా:
2020లో మున్సిపాలిటీ వార్డుకి లక్ష, కార్పొరేషన్ డివిజన్‌కి లక్షన్నర. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి. ఓడినవాళ్ళు "ఓడిపోయాం, ఇంకేం లెక్కలు" అని వదిలేస్తారు. మూడేళ్ళు పోటీకి అనర్హులవుతారు.

బీఫాం బాబాయ్:
సరే, గెలిచాడే అనుకుందాం. ఒక్కడు ఏం చేస్తాడు? ఛైర్‌పర్సన్‌ని ఎన్నుకునేది కౌన్సిలర్లు, పైగా ఎమ్మెల్యే, ఎంపీలకు ఆ పదవి వల్ల వచ్చే ఎక్స్ అఫీషియో ఓట్లు. 2020లో తుక్కుగూడ, నేరేడుచర్ల మున్సిపాలిటీల్లో ఆ ఓట్ల మీద ఎంత పంచాయితీ నడిచిందో అందరూ చూశారు. బలం లేనివాడి వార్డు పని ఎజెండాలోకే రాదు.

పాతబజార్ పోరడు:
ఉల్టా మాట్లాడుతున్నవ్ బాబాయ్. పార్టీ కౌన్సిలర్‌కి విప్ ఉంటది, చెప్పిన చోట చెయ్యెత్తకపోతే పదవే పోతది. ఇండిపెండెంట్‌కి విప్ లేదు. రెండు పార్టీలకు సమానం వచ్చిన్నాడు అందరు ఆయన ఇంటి ముందే నిలబడతరు. అప్పుడు వార్డుకి ఏం కావాల్నో అడిగి తెచ్చుకుంటడు.

బీఫాం బాబాయ్:
వార్డుకా, ఆయనకా?

పాతబజార్ పోరడు:
నోరు జాగ్రత్త! ఆయన సంగతి ఊరంతటికీ ఎరుకే. నీ లెక్క బీఫాం కోసం పార్టీ ఆఫీసు మెట్లు అరగదీసే రకం కాదు.

కాలనీ అక్క:
ఊరంతటికీ అన్నారు చూడండి, అక్కడే ఉంది కిటుకు. మా కాలనీ పంచాయతీ నుంచి మున్సిపాలిటీలో కలిసింది, మీ వార్డులోనే ఉంది. మేం కూడా పన్ను కడుతున్నాం. ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణలో) లేఅవుట్ ఖాళీ స్థలం వదల్లేదని ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టిందీ మేమే. మాకు నల్లా వచ్చేది లైన్ చివర. వాల్వ్ తిప్పిన మొదటి పావుగంట సన్నగా దారలా వస్తుంది, తర్వాత గాలి బుసలు. ఎందుకో ఆ వాల్వులన్నీ తెలిసిన పెద్దమనిషిని అడగండి.

పాతబజార్ పోరడు:
కాలనీ ఎత్తు మీద ఉంది అక్కా, ప్రెషర్ అందదు. ఆయనేం చేస్తడు?

కాలనీ అక్క:
ఎత్తు కాదు తమ్ముడూ. పాతబజార్‌లో అర అంగుళం నల్లాకి నేరుగా హాఫ్ హెచ్‌పీ మోటారు బిగించి లాగుతారు. నాలుగిళ్ళు ఒకేసారి స్విచ్ వేస్తే పైప్‌లో నీళ్ళు ముందుకు పోవు. జాయింట్లు వదులైన చోట మోరీ నీళ్ళు కూడా లోపలికి పీల్చుకుంటుంది, మొదటి బిందె వాసనొచ్చేది అందుకే. నీళ్ళొదిలే టైముకి ఆ గల్లీలకి కరెంటు ఆపితే ఒక్క వారంలో తేలిపోతుంది. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లని మిషన్ భగీరథ లెక్క. మేం ఐదు వేల లీటర్ల ట్యాంకర్ కొనుక్కుంటున్నాం.

చౌరస్తా:
ఇప్పుడు అసలు కథ మొదలైంది.

పాతబజార్ పోరడు:
అంటే నిన్నగాక మొన్నొచ్చినోళ్ళు ఇప్పుడు మా నల్లాలకు అడ్డం పడతరా?

కాలనీ అక్క:
అదీ మాట! నీకు లోకల్ అంటే వార్డు కాదు, మీ నాలుగు గల్లీలు. ఆ పెద్దాయన మంచోడే, కాదనను. కానీ ఎదురింటి మోటారు పీకించాలంటే ఆయనకి మొహమాటం. పెళ్ళికి పిలిచినవాళ్ళు, కొట్టులో ఖాతా ఉన్నవాళ్ళు. పరాయి వార్డోడికి ఆ బాధ లేదు.

బీఫాం బాబాయ్:
నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే కదా.

కాలనీ అక్క:
మీరు చెప్పలేదు. మీ అభ్యర్థి కూడా నీళ్ళ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

రిటైర్డ్ గుమాస్తా:
ఒక మాట. నామినేషన్ నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, డిపాజిట్ ఒక్కసారి కడితే సరిపోతుంది. ఒక్కో సెట్‌కి ఒక్కో ప్రపోజర్. రెండు పాతబజార్ వాళ్ళతో, రెండు కాలనీ వాళ్ళతో పెట్టించుకోమనండి. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది.

పాతబజార్ పోరడు:
ఇది మంచిగుంది సార్. అక్కా, మీ దిక్కు నుంచి ఎవరన్న సంతకం పెడతరా?

కాలనీ అక్క:
పెడతాం. ముందు ఆయన ఇంటి నల్లాకున్న మోటారు తీయించి, ఫోటో ఇక్కడ పెట్టు.

పాతబజార్ పోరడు:
ఆయనింట్ల మోటారు ఉందని నీకెవరు చెప్పిన్రు?

కాలనీ అక్క:
లేదని నువ్వు అనలేదుగా.