కేదార్‌కంఠ చలికాలం ట్రెక్: గైడు ఉన్నాక గ్రూపు లీడర్ పనేంటి?

ప్రశ్న (కొత్తలీడర్):
జనవరిలో మా ఆఫీసు వాళ్లం 14 మందిమి హైదరాబాద్ నుంచి వెళ్లి, ఉత్తరాఖండ్‌లోని సంక్రి ఊరి నుంచి కేదార్‌కంఠ ఎక్కుతున్నాం. సగం మంది మంచు ముఖం చూడనివాళ్లే. స్థానిక గైడు, ఇద్దరు సహాయకులు ఉంటారు. గ్రూపు లీడర్‌గా నన్ను పెట్టారు. దారి గైడు చూసుకుంటాడు, మరి నేను చూసుకోవాల్సింది ఏంటి? శిఖరం రోజు ఎవరైనా నడవలేకపోతే వెనక్కి పంపే మాట ఎవరు చెప్పాలి?

మంచుదారి:
ఆఖరి మాట గైడుదే. ఆ సంగతి సంక్రిలోనే అందరి ముందూ చెప్పేయండి, పైకెళ్లాక ఓటింగులు ఉండవు. వెనక్కి తిరిగే టైము కూడా ముందు రాత్రే గైడుతో కూర్చుని ఖాయం చేసుకోండి. ఉదయం 9 అనుకుంటే 9కి ఎక్కడున్నా దిగడమే. "ఇంకో పావుగంటే కదా" అనే మాట శిఖరం కనబడుతున్నప్పుడే వస్తుంది.

వరుస ఇలా పెట్టండి: ముందు గైడు, ఆయన వెనకే అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు, గట్టివాళ్లు చివర. ఒక సహాయకుడు మధ్యలో, ఇంకొకరు అందరి వెనక. ఒకరికి బాగోకపోతే మధ్యలో ఉన్న సహాయకుడు వాళ్లతో దిగుతాడు. ఎవర్నీ ఒంటరిగా పంపకూడదు. కాసేపటికి రెండో మనిషికీ బాగోకపోతే? వెనక ఉన్న సహాయకుణ్ణి కూడా పంపేస్తే వరుస చివర ఎవరూ ఉండరు. అప్పుడు గ్రూపంతా దిగాల్సిందే. ఈ లెక్క ముందే అందరికీ తెలిస్తే పైన వాదనలు ఉండవు.

డాక్టర్_చలి:
సంక్రి సుమారు 6,400 అడుగులు, శిఖరం సుమారు 12,500. రెండు మూడు రోజుల్లో ఆరు వేల అడుగులంటే తక్కువేం కాదు. అంత త్వరగా ఎత్తుకెళ్తే ఎత్తు జబ్బు రావచ్చు, తలనొప్పి దాని గుర్తు. కానీ తలనొప్పి ఉందని గైడుకి చెప్పరు, చెబితే పైకి రానివ్వడని భయం. అది మీరే రాబట్టాలి. "బాగున్నారా?" అంటే అందరూ ఓకే అనేస్తారు. రాత్రి ఎంత తిన్నారు, నిద్ర పట్టిందా, ఏ మాత్ర వేసుకున్నారు అని విడివిడిగా అడగండి.

తలనొప్పికి తోడు వికారమో వాంతులో ఉంటే ఇంక పైకి వద్దు, తగ్గకపోతే కిందికి. మడమకు బొటనవేలు తాకేలా అడుగులేస్తూ సరళరేఖ మీద నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా అర్ధరాత్రయినా దింపాలి. రక్తంలో ఆక్సిజన్ చూపే ఆక్సీమీటర్ని చల్లటి వేలికి పెడితే తప్పుడు అంకె చూపిస్తుంది, వేలు వెచ్చబడ్డాక చూడండి. అంకె బాగుంది కదా అని లక్షణాల్ని వదిలేయొద్దు. డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) సంగతి బయల్దేరకముందే వాళ్ల డాక్టర్‌తో మాట్లాడుకోమనండి. సల్ఫా మందులు పడనివాళ్లయితే తప్పనిసరిగా.

బేస్‌లేయర్:
చలి నడుస్తున్నప్పుడు కాదు, ఆగినప్పుడు పట్టుకుంటుంది. బయల్దేరేటప్పుడు కాస్త చలిగానే ఉండాలి, లేకపోతే పావుగంటలో చెమట పట్టి బట్టలు తడుస్తాయి. ఐదు నిమిషాలకు మించి ఆగితే చలి వేయకముందే అందరి చేతా డౌన్ జాకెట్ (ఈకలు నింపిన వెచ్చటి కోటు) వేయించండి. కాటన్ బనియన్లు, జీన్సు సంక్రిలోనే వదిలేయాలి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి సీసా తలకిందులుగా పెట్టుకోమనండి.

ఆగిన ప్రతిసారీ బొటనవేలితో చిటికెనవేలు ముట్టుకోమని చెప్పండి. చేయలేకపోతే ఆ చెయ్యి వెంటనే చంకలో పెట్టించి వెచ్చబరచాలి. మంచుతో రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. మాట ముద్దగా వచ్చినా, జిప్పు వేసుకోలేకపోయినా ఒళ్లు చల్లబడుతోందని అర్థం. పొడిబట్టలు, కింద మ్యాట్, మింగగలిగితే తియ్యటి వేడి టీ. ఒంట్లో వేడి ఎక్కకుండానే వణుకు ఆగిపోయిందంటే చాలా ప్రమాదం.

కొత్తలీడర్:
చాలా థాంక్సండీ. ఒక డౌటు. దిగాల్సిన మనిషి మా మేనేజరే అయితే?

మంచుదారి:
అందుకే ముందు రాత్రి ఆయనతో విడిగా మాట్లాడండి. "సార్, రేపు గైడు మాటే అందరికీ, మీకూ నాకూ కూడా" అనండి. పైన నలుగురి ముందు "దిగుతారా సార్?" అని అడిగితే "పర్లేదు, వస్తా" అంటారు. పక్కకు పిలిచి "మీరు దిగుతున్నారు సార్, తోడు ఇతను వస్తాడు, మేం క్యాంపులో కలుస్తాం" అని చెప్పేయాలి. బ్యాగు కూడా అప్పుడే సహాయకుడికి ఇచ్చేయండి, మాట మార్చుకోడానికి టైము ఇవ్వొద్దు.

ఇంకోటి. మైక్రోస్పైక్స్ (మంచులో జారకుండా బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు) తొడుక్కోవడం సంక్రిలోనే, గ్లవ్స్‌తోనే ప్రాక్టీసు చేయించండి. తెల్లవారుజామున చీకట్లో 14 మంది మొదటిసారి తొడుక్కుంటే అరగంట అక్కడే పోతుంది. ముందు తొడుక్కున్నవాళ్లు నిలబడి బిగుసుకుపోతారు.