పొదుపు సంఘం యాప్‌కు ద్రావిడ భాషల కోడ్ పెట్టవచ్చా?

ప్రశ్న (కావలి)

మా ప్రాంతపు పొదుపు సంఘాల కోసం లెక్కల యాప్ ఒకటి తయారుచేస్తున్నాను. సభ్యుల్లో ఇంట్లో ఎరుకల భాష మాట్లాడే మహిళలు కూడా ఉన్నారు. తెలుగు, ఎరుకల రెండూ ద్రావిడ భాషలే కదా అని అనువాదాలన్నీ ఒకే ఫైలులో పెట్టి, దానికి 'డీఆర్‌ఏ' కోడ్ ఇచ్చాను. ఇప్పుడు సంఘం నిల్వ 12,50,000కు బదులు 1,250,000గా కనిపిస్తోంది. ఒక్క వాయిదా మిగిలినా '1 వాయిదాలు' అని వస్తోంది. పొరపాటు ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు)

పొరపాటు కోడ్‌లోనే ఉందండీ. 'డీఆర్‌ఏ' ఒక భాష పేరు కాదు, కుటుంబం పేరు. 1998 నాటి ఐఎస్ఓ 639-2లో (ఐఎస్ఓ 639 అంటే భాషలకు పొట్టి కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణం), సొంత కోడ్ లేని ద్రావిడ భాషల పుస్తకాలను గ్రంథాలయాలు నమోదు చేసుకోవడానికి అది పనికివచ్చింది. 2008లో భాషా కుటుంబాల కోసమే వచ్చిన 639-5లోనూ అది ఉంది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం కోడ్ అంటే ఒక పేరు మాత్రమే కాదు. లక్షల దగ్గర కామా ఎక్కడ పడాలి, ఏకవచనం ఎప్పుడు వాడాలి, చదివి వినిపించేటప్పుడు ఏ గొంతు ఎంచుకోవాలి అన్నవన్నీ దాన్ని బట్టే నిర్ణయమవుతాయి. కుటుంబానికి అలాంటి నియమాలు ఉండవు కనుక, మీ యాప్ ఏ భాషకూ చెందని మూల నియమాలకు వెళ్లిపోయింది. తెలుగు ఫైలుకు 'టీఈ' పెట్టండి, ఆ రెండు లోపాలూ పోతాయి.

జవాబు (నెల్లూరు)

ఒంగోలు వారు చెప్పింది సరైనదే. అయితే ఎరుకల సంగతి కూడా తేల్చుకోవాలి. 2007లో వచ్చిన 639-3లో ఆ భాషకు 'వైఈయూ' అనే సొంత కోడ్ ఉంది. ఆ అనువాదాలను వేరు ఫైలుగా ఉంచండి. అందులో ఏదైనా మాట లేనప్పుడు యాప్ దేని వైపు చూడాలో మీరే స్పష్టంగా రాయాలి, లేకపోతే ఇంగ్లీషు కనిపించే ప్రమాదం ఉంది. వంశం చూస్తే ఎరుకల తమిళానికి దగ్గర, కానీ మన జిల్లాలో ఆ మహిళలకు అలవాటైన లిపి తెలుగు. అందువల్ల ఆ లోటును తెలుగుతోనే పూరించాలి, అంకెల పద్ధతిని కూడా అక్కడి నుంచే తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు (కావలి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పటికే 'డీఆర్‌ఏ'తో నమోదైన సభ్యులందరినీ 'టీఈ'కి మార్చేయవచ్చా?

జవాబు (నెల్లూరు)

వద్దండీ. వారిలో ఎవరిది ఏ భాషో ఆ కోడ్ చూసి చెప్పలేం, అందరినీ తెలుగులో కలిపేస్తే ఎరుకల వారు మళ్లీ కనబడకుండా పోతారు. తర్వాతిసారి యాప్ తెరిచినప్పుడు రెండు భాషల పేర్లూ చూపించి, చదవలేని వారికి వినిపించి, ఎవరి భాషను వారినే ఎంచుకోనివ్వండి.