కిటికీ వెనక కెమెరా పెడితే కారు గీకేవాడి ముఖం తెలుస్తుందా?

రాంనగర్ కిరాయిదారు:
రాంనగర్‌లో ఒక గల్లీలో మొదటి అంతస్తులో కిరాయికి ఉంటున్నాం. కింద పార్కింగ్ ఓనర్ వాళ్ల బండ్లకే సరిపోతుంది కాబట్టి మా కారు గల్లీలో గోడ వారగా పెడతాను. దసరా తర్వాత మూడుసార్లు ఎవరో తాళంచెవితోనో మేకుతోనో డోర్ మీద పొడుగ్గా గీత గీశారు. పోయిన వారం సైడ్ మిర్రర్ విరగ్గొట్టారు. కారు పెట్టే చోటు గురించి ఇద్దరు ముగ్గురితో మాటామాటా వచ్చిన మాట నిజమే. కానీ చూడకుండా ఎవరి పేరూ ఎత్తలేను కదా. ఓనర్‌ని అడిగితే బయట గోడకి ఒక్క మేకు కూడా కొట్టొద్దన్నారు. అందుకని బెడ్‌రూమ్ కిటికీ లోపల, అద్దం వెనక చిన్న వైఫై కెమెరా పెడదామనుకుంటున్నా. అక్కణ్ణుంచి కారు ఏటవాలుగా ఎనిమిది మీటర్లు ఉంటుంది. రాత్రిపూట మనిషి ముఖం తెలుస్తుందా? ఎలాంటిది కొనాలి?

కోఠీ కెమెరావాలా:
అన్నా, పైసలు దండగ. నేను గుజరాతీ గల్లీలో సామాను కొని ఇళ్లకు బిగించేవాణ్ణి, వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు. పగలు అద్దం వెనక నుంచి బొమ్మ బాగానే వస్తుంది, అది చూసి మోసపోతారు. రాత్రి కాగానే లెన్స్ చుట్టూ ఉన్న ఐఆర్ లైట్లు, అంటే మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, వెలుగుతాయి. ఆ వెలుతురు అద్దానికి కొట్టుకుని మళ్లీ లెన్స్‌లోకే వస్తుంది. తెల్లారి చూసుకుంటే స్క్రీనంతా పాలు ఒలికినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, బ్యాటరీ కెమెరాలు చాలా వరకు ఒంటి వేడిని పసిగట్టి రికార్డింగ్ మొదలుపెడతాయి. ఆ వేడి కిటికీ అద్దం దాటి రాదు. కింద ఏనుగు నడిచినా అది నిద్ర లేవదు. ఓనర్ కాళ్లో వేళ్లో పట్టుకుని బయట పెట్టించుకో. కనీసం బాల్కనీ గ్రిల్‌కి క్లాంప్ వేసి బిగించినా సరే, మేకు అక్కర్లేదు.

పిక్సెల్ పిచ్చోడు:
కెమెరావాలా అన్న చెప్పింది సగం నిజం. ఐఆర్ వెనక్కి కొడుతుందంటే ఐఆర్ ఆపేస్తే సరిపోతుంది, యాప్‌లో ఒక్క నొక్కు. తర్వాత లెన్స్‌ని అద్దానికి దాదాపు ఆనించి, చుట్టూ నల్ల గుడ్డో ఫోమో పెట్టి, గదిలో లైటు తీసేస్తే గది నీడ కూడా అద్దంలో పడదు. కరెంటుకి పెట్టే కెమెరా కొంటే ఒంటి వేడితో పని లేదు, బొమ్మలో మార్పు చూసి కదలిక పట్టుకుంటుంది. అది కూడా నమ్మకం లేకపోతే రాత్రంతా ఆగకుండా రికార్డు చేయించండి. ఇవన్నీ చేసినా ఒకటి ఉండి తీరాలి, వీధి లైటు. ఐఆర్ ఆపాక బయట వెలుతురు ఎంతుంటే బొమ్మ అంత.

అసలు చిక్కు అద్దం కాదండీ, లెన్స్. మామూలు ఇంటి కెమెరాలు గది మొత్తం కనపడాలని వెడల్పు లెన్స్‌తో వస్తాయి, 110 డిగ్రీల దాకా. ఎనిమిది మీటర్ల దూరంలో అది దాదాపు 23 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. 1080పీ కెమెరాకి అడ్డంగా ఉండేది 1920 పిక్సెళ్లు. అవన్నీ 23 మీటర్ల మీద పరిస్తే మీటరుకి 83. ముఖం వెడల్పు 16 సెంటీమీటర్లనుకుంటే దానికి దక్కేది 13 పిక్సెళ్లు. 13 గళ్లలో ముఖం గీసి చూడండి, మా తమ్ముడూ మీ తమ్ముడూ ఒకేలా ఉంటారు.

సీసీటీవీల మీద ఐఈసీ 62676-4 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి మీటరుకి 125 పిక్సెళ్లు, తెలియనివాణ్ణి అనుమానం లేకుండా గుర్తించడానికి 250 కావాలంది దాని 2014 కూర్పు. కాబట్టి 6 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న నాలుగు మెగాపిక్సెల్‌ది తీసుకోండి. చూపు 50 డిగ్రీలకి తగ్గుతుంది, ఎనిమిది మీటర్ల దగ్గర ఏడున్నర మీటర్ల వెడల్పే కనపడుతుంది, మీటరుకి 340 దాకా వస్తాయి. గల్లీ మొత్తం చూడాలనే ఆశ వదులుకుని కారు ఒక్కటే చూడాలి.

కోఠీ కెమెరావాలా:
లెక్క బాగుంది తమ్ముడూ, కాగితం మీద. ఆ కిటికీకి దోమల జాలీ ఉందా లేదా అని ఎవరైనా అడిగారా? హైదరాబాద్‌లో జాలీ లేని కిటికీ ఎక్కడుంది? ఫోకస్ కాస్త తేడా పడితే జాలీ గళ్లే కనపడతాయి, వీధి లైటు నేరుగా పడితే జాలీ మొత్తం తెల్లగా మెరుస్తుంది. అద్దానికి సన్‌ఫిల్మ్ ఉంటే ఇంకా అన్యాయం, ఉన్న కాస్త వెలుతురునీ అది తినేస్తుంది. వానాకాలంలో అద్దం మీద చుక్కలు సరేసరి. నీ 340 పిక్సెళ్లకి వెలుతురు చాలకపోతే కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, నడిచే మనిషి దెయ్యంలా సాగిపోతాడు. నిలబడి ఉన్న కారు మాత్రం పెళ్లి ఫోటోలా వస్తుంది. కస్టమర్ దాన్నే చూసి ‘సూపర్ క్లారిటీ’ అంటాడు.

పిక్సెల్ పిచ్చోడు:
షట్టర్ విషయంలో నేనే ఓడిపోయాను. షట్టర్‌ని మన చేతికి ఇచ్చే కెమెరానే కొనండి, సెకనులో 60వ వంతుకన్నా ఎక్కువసేపు తెరిచి ఉండనివ్వకండి. చాలా చవక వైఫై కెమెరాల్లో ఆ మీట ఉండదు. ఎఫ్/1.0 లాంటి పెద్ద కన్నున్న లెన్స్, పెద్ద సెన్సర్ ఉన్నవి రాత్రిపూట కూడా రంగులు చూపిస్తాయి. చొక్కా ఎర్రదా నీలందా తెలియడం చిన్న విషయం కాదు. మెగాపిక్సెళ్లు చూసి పడిపోకండి. అదే చిన్న సెన్సర్ మీద ఎనిమిది మెగాపిక్సెళ్లు కుక్కితే చీకట్లో ఇంకా అధ్వాన్నం.

డాష్‌క్యామ్ దాసు:
ఇంత రాద్ధాంతం ఎందుకు? కారులోనే డాష్‌క్యామ్, అదే ముందు అద్దం దగ్గర బిగించే కెమెరా, పెట్టి పార్కింగ్ మోడ్‌లో ఉంచండి. ముఖం అర మీటరు దూరంలో వస్తుంది.

కోఠీ కెమెరావాలా:
దాసన్నా, డోర్ పక్క నుంచి వచ్చి గీకేవాడు ముందు అద్దంలో కనపడడు. ఏప్రిల్, మే నెలల్లో గల్లీలో ఎండకి పెట్టిన కారు లోపల ఎంత కాగుతుందో తెలుసు కదా, లోపల బ్యాటరీ ఉన్న డాష్‌క్యామ్‌లు ఉబ్బిపోయినవి నేనే చూశాను. లోపల బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉన్నవి అయితే తట్టుకుంటాయి. కానీ రాత్రంతా నడిస్తే కారు బ్యాటరీ దిగిపోతుంది.

బాల్కనీ అక్క:
అందరూ లెన్స్ గురించే మాట్లాడుతున్నారు. గల్లీ ఎంత వెడల్పు? ఇరవై అడుగులు ఉంటే గొప్ప. మొదటి అంతస్తు కిటికీలోంచి కిందికి చూసే కెమెరాకి ఎదురింటి గేటు, మెట్లు, కింది గదులు కనపడకుండా ఎలా ఉంటాయి? రెండేళ్ల కింద మా ఎదురింటివాళ్లు ఇలాగే ‘బండి కోసం’ అని ఒకటి పెట్టారు. మా అమ్మాయి బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి రావడం మానేసింది. అడిగితే ‘మీ వైపు చూడట్లేదండీ’ అన్నారు. కెమెరా ఎటు చూస్తుందో బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? అద్దం వెనక దాచిపెట్టింది అయితే అసలు ఉందనే తెలియదు. మీ డోర్ మీద గీత పడిందని మా ఇంటి రాకపోకలన్నీ మీ ఫోన్‌లో ఎందుకుండాలి?

పిక్సెల్ పిచ్చోడు:
అక్కా, ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది. మీ ఇంటి భాగం మీద నల్ల డబ్బా గీస్తే అక్కడ ఏమీ రికార్డు కాదు.

బాల్కనీ అక్క:
గీశారని నాకెవరు చెప్తారు తమ్ముడూ? గీసినవాళ్లు రేపు తీసేయలేరా?

నాంపల్లి నల్లకోటు:
అక్క గారి ప్రశ్నకి చట్టంలో సూటి జవాబు తక్కువ. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టమేమో, ఒక మనిషి తన ఇంటి అవసరం కోసం చేసేదాన్ని తన పరిధిలోంచి మినహాయించింది. కానీ ఎదుటివాళ్ల పడకగది వైపో స్నానాల గది వైపో తిప్పితే సంగతి వేరు, ఏకాంతంలో ఉన్న స్త్రీని చిత్రీకరించడం ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. కిరాయిదారు గారూ, పెట్టే ముందు ఎదురింటివాళ్లకి మీ ఫోన్‌లో ఆ దృశ్యం చూపించండి. చట్టం అడగకపోయినా చూపించండి.

ఇక మీ కేసు. ఇది అదే సంహితలో 324వ సెక్షన్, పాత ఐపీసీలో 425వ సెక్షన్ నుంచి ఉన్న ‘మిస్చీఫ్’, అంటే కావాలని ఆస్తికి నష్టం చేయడం. నష్టం 20 వేల లోపు అయితే ఆరు నెలల దాకా, 20 వేల నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. చిన్న నష్టమైతే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్‌లో ‘మాట్లాడుకోండి’ అనేది ఊరికే కాదు. పెయింటింగ్, మిర్రర్ బిల్లులు జాగ్రత్తగా ఉంచుకోండి.

క్లిప్‌ని వాట్సాప్‌లో పంపించి అదే సాక్ష్యం అనుకోకండి. పంపేటప్పుడు వీడియో నొక్కుకుపోయి వేరే ఫైల్ అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఆ ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి, ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. పాత సాక్ష్య చట్టం 65బీ సెక్షన్‌లో కూడా సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి. పావుగంట తేడా ఉన్నా ఎదుటి లాయర్‌కి పండగే.

పెన్షన్ పెద్దాయన:
నాయనా, మీ గల్లీలో వీధి దీపం వెలుగుతోందా? ముందు ఆ మాట చెప్పు.

రాంనగర్ కిరాయిదారు:
అందరికీ థాంక్స్. పెద్దాయన గారూ, మా ఇంటి ముందు స్తంభానికి లైటు ఉంది కానీ సంక్రాంతి ముందు నుంచి వెలగట్లేదు. చూశాను కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇవాళే మున్సిపాలిటీకి కంప్లయింట్ పెట్టాను. జాలీ ఉంది, కెమెరావాలా అన్న అన్నట్టే. సన్‌ఫిల్మ్ లేదు. అక్కా, మీ మాటకి నిన్న రాత్రి మా ఆవిడ కూడా వత్తాసు పలికింది.

నా అనుమానం ఇంకోటి. ఇది గల్లీలో తెలిసినవాళ్ల పనే అనిపిస్తుంది. అలాంటప్పుడు 250 పిక్సెళ్లు అక్కర్లేదు కదా, 125 చాలు కదా?

పిక్సెల్ పిచ్చోడు:
మీ కంటికి చాలు. నడక, భుజాలు, చెప్పులు ఈడ్చే తీరు చూసి తెలిసినవాణ్ణి ఇట్టే పట్టేస్తారు. కానీ మీరు కోపంగా ఉన్నారు, మీ మనసులో ముందే ఒకరున్నారు. మసక బొమ్మలో మనిషికి తాను అనుకున్నవాడే కనపడతాడు. అందుకే 250 అడుగుతున్నాను, కోర్టు కోసం కాదు.

కోఠీ కెమెరావాలా:
ఈ మాటకి మాత్రం తమ్ముడికి చాయ్ నా లెక్కలో. పోయినేడాది ఒకాయన ఇట్లాగే హెల్మెట్‌తో ఉన్నవాణ్ణి చూసి పక్కింటాయన అని గొడవ పెట్టుకున్నాడు. ఆ రోజు పక్కింటాయన ఊళ్లోనే లేడు. సరే, కిటికీలోనే పెట్టాలంటే జాలీలో లెన్స్ అంత ముక్క కోసి అక్కడ పెట్టు, కెమెరా చుట్టూ టేపు వెయ్యి. రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ మీదికి మార్చు, కరెంటు పోయినప్పుడే వాడొస్తాడు. మెమరీ కార్డు మామూలుది వద్దు, సీసీటీవీల కోసం చేసినవి విడిగా దొరుకుతాయి. లేకపోతే ఆర్నెల్లకే చచ్చిపోతుంది, నువ్వేమో రికార్డవుతోందనుకుంటావు.

రాంనగర్ కిరాయిదారు (నెల తర్వాత):
ఏమైందో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు. నాలుగు మెగాపిక్సెల్, 6 మిల్లీమీటర్ల లెన్స్‌ది పెట్టాను. ఎదురింటివాళ్లని పిలిచి ఫోన్‌లో చూపించాను, వాళ్ల గేటు మీద మాస్క్ వేయమన్నారు, వాళ్ల ముందే వేశాను. మొదటి నాలుగు రాత్రులు ఏమీ పనికిరాలేదు, చీకటి, చీమలు పాకినట్టు చుక్కలు. ఐదో రోజు వీధి లైటు బాగుచేశారు. ఆ రాత్రి నుంచి డోర్ హ్యాండిల్ కూడా కనపడింది.

పన్నెండో రాత్రి దొరికాడు. పది గంటలప్పుడు, ముఖం స్పష్టంగా. నేను అనుమానించిన ముగ్గురిలో ఎవరూ కాదు. గల్లీ చివర ఇంటి అబ్బాయి, పన్నెండేళ్లో పదమూడేళ్లో ఉంటాయి. నా కారు పెట్టే చోటే వాళ్లు సాయంత్రం క్రికెట్ ఆడుకునేవాళ్లట. దసరా సెలవుల్లో ఒకసారి బంతి తగిలిందని నేను అరిచాను, నాకు గుర్తు కూడా లేదు.

నాంపల్లి నల్లకోటు:
ఆ క్లిప్ కాలనీ గ్రూపులో పెట్టారా? పెట్టకండి. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. స్టేషన్‌కి వెళ్లేముందు వాళ్ల నాన్నతో మాట్లాడండి.

రాంనగర్ కిరాయిదారు:
పెట్టలేదు సార్. వాళ్ల నాన్నకి ఒక్కరికే చూపించాను. ఆయన మిర్రర్ డబ్బులిస్తానన్నారు, నేను సగమే తీసుకున్నాను. పిల్లాడు మాత్రం ఇప్పటికీ నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటున్నాడు.

బాల్కనీ అక్క:
మంచిదే. మరి కెమెరా ఇంకా అక్కడే ఉందా?

రాంనగర్ కిరాయిదారు:
ఈ ఆదివారం తీసేస్తున్నాను అక్కా. జాలీ కోసిన చోటు నుంచి దోమలొస్తున్నాయి, ఓనర్‌కి ఇంకా చెప్పలేదు.