అప్‌డేట్: ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’లో కాలక్రమం చిక్కు వీడింది

టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవల మూడో సంపుటమైన ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’లో యుద్ధం పతాకస్థాయికి చేరిన చోట కథ హఠాత్తుగా ఉంగరాన్ని నాశనం చేయడానికి బయలుదేరిన ఫ్రోడో, అతని తోడు శామ్‌ల వైపు మళ్లి కొన్ని రోజులు వెనక్కి వెళ్లినట్లుందని, నా ప్రతిలో పుటలేమైనా తప్పిపోయాయా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. పుటలన్నీ సక్రమంగానే ఉన్నాయి.

1955లో వెలువడిన ఈ సంపుటంలో మొత్తం నవలలోని ఐదు, ఆరో భాగాలున్నాయి. ఐదో భాగం మనుషుల రాజ్యమైన గోండోర్ యుద్ధాన్ని, శత్రువు సౌరాన్ దేశమైన మోర్డోర్ ద్వారం బ్లాక్ గేట్ వరకు నడిపి ఆగిపోతుంది. ఆరో భాగం వెనక్కి వెళ్లి, దాదాపు అవే రోజులను మోర్డోర్ లోపలి నుంచి చెబుతుంది. నాకు పనికివచ్చింది పుస్తకం చివరనున్న అనుబంధం ‘బి’లోని తేదీల పట్టికను పక్కన పెట్టుకొని చదవమన్న సలహా. గోండోర్ రాజధాని ముందున్న పెలెన్నోర్ మైదానంలో పోరు జరిగిన మార్చి 15నే ఫ్రోడో, శామ్ మోర్డోర్ సరిహద్దులోని కిరిత్ ఉంగోల్ బురుజు నుంచి తప్పించుకున్నారని అందులో చూశాక రెండు కథలూ సరిగ్గా అమరాయి. అయితే ఆ పట్టిక ముగింపును కూడా బయటపెడుతుంది కనుక, మొదటిసారి చదివేవారు మార్చి 24 తర్వాతి వరుసలను కాగితంతో కప్పుకోవడం మంచిది.

మొదటి రెండు సంపుటాలను తిరిగి చదవడం హాయిగానే ఉంది గాని, ఈ చిక్కుకు దానితో పని లేకపోయింది. పుస్తకంలోని పటం కూడా దూరాలు తెలుసుకోవడానికే ఉపయోగపడింది.